అల్లుడుగారిని అడిగిన ప్రశ్న

నిర్లక్ష్యం చేశాడని ఉద్యోగంలోంచి తీసేసినప్పటి నుంచి స్టోరుకీపరు నలుగురిలోకి రావడం మానేశాడు. శనివారం గోడౌన్‌లో కోల్డ్ రూమ్ తలుపు తీసి వదిలేశాడట, సోమవారం వచ్చి చూసేసరికి వెన్నంతా కరిగి నేలపాలైందట. ఆ శనివారం మధ్యాహ్నం తాను తలుపు వేసే వెళ్లాడు. ఆ మాట ఎవరికి చెప్పినా "అలాగా" అంటారే తప్ప నమ్మరు. కోర్టులో తేలితే తప్ప తలెత్తుకు తిరగలేనని కంపెనీ మీద కేసు వేశాడు.

లాయరును పెట్టుకోమంటే వినలేదు. ఉన్న కాస్త పరువూ పరాయివాడి ముందు విప్పి పెట్టాలా అని సిగ్గు. తన కేసు తానే వాదించుకుంటానన్నాడు. కంపెనీ పంపిన కాగితాల్లో మొదటి పేజీలోనే 'నిర్లక్ష్యం' అన్న మాట కనబడేసరికి ఒళ్లు మండి, మడిచి బీరువా మీద పడేశాడు మహానుభావుడు. అక్కడే కొంప మునిగింది. సాక్షి ఎవరో రెండో పేజీలో ఉంది.

పక్క వీధిలో కాపురముంటున్న కూతురు రోజూ వచ్చి, సాక్షిలా కుర్చీలో కూర్చుని ప్రశ్నలు అడిగించుకునేది.

"ఆ శనివారం ఎక్కడున్నావు?" అని ఆయన గుడ్లురిమితే పకపకా నవ్వేసింది.

"ఆసుపత్రిలో ఉన్నాను నాన్నా. పాపకి జ్వరమని ఫోన్ చేస్తే మీ అల్లుడు మూడింటికల్లా పరిగెత్తుకొచ్చేశారు" అంది, మొగుడి మంచితనానికి మురిసిపోతూ.

తీరా విచారణనాడు బోనెక్కింది ఆ అల్లుడే. ఆ గోడౌన్‌లో అతన్ని గుమాస్తాగా పెట్టించింది ఈ మామగారే. వెనక బెంచీ మీద పాపను ఒళ్లో పెట్టుకున్న కూతురు కొయ్యబారిపోయింది.

"నేను సాయంత్రం దాకా అక్కడే ఉన్నానండి. మామయ్యగారు వెళ్లాక ఆ తలుపు జోలికి ఎవరూ పోలేదు" అన్నాడు అల్లుడు నేలచూపులు చూస్తూ.

స్టోరుకీపరు లేచాడు. "అల్లుడుగారూ, తమరు..."

హాల్లో నవ్వులు.

"ఇక్కడ అల్లుళ్లు లేరు. సాక్షి అనండి" అన్నాడు జడ్జి.

ఆయనకు చెవులు కాలిపోయాయి. ఇన్నాళ్ల అవమానమూ ఒక్కసారిగా గొంతులోకి తన్నుకొచ్చింది.

"ఆ రోజు మూడింటికి మీరు నా మనవరాలిని ఎత్తుకుని ఆసుపత్రిలో ఉన్నారా, లేదా?"

అల్లుడి మొహంలో నెత్తురు చుక్క లేదు. సరుకొస్తే తలుపు తీసింది తనేనని, ఫోన్ రాగానే కంగారులో అలాగే వదిలేసి పరిగెత్తానని, ఉద్యోగం పోతుందని భయపడి మామగారి మీదకు నెట్టేశానని నీళ్లు నములుతూ ఒప్పుకున్నాడు.

"ఈ సంగతి మీకెలా తెలిసింది?" అని జడ్జి స్టోరుకీపరును అడిగాడు.

"మా అమ్మాయే చెప్పిందండీ!"

గెలిచిన ఊపులో ఆ మాట హాలంతా మోగింది. అల్లుడు తలెత్తి వెనక బెంచీ వైపు చూశాడు. ఆ చూపు వెంట తానూ చూశాకగానీ తానేమన్నాడో ఆయనకు తెలిసిరాలేదు. కూతురు పాప వీపు మీద మొహం దాచుకుంది. సిగ్గుతో ఆయన ప్రాణం చచ్చిపోయింది. ఇంతకంటే ఆ నిందే నయమనిపించింది.

అల్లుడు ఎవరికోసమూ ఆగకుండా మెట్లు దిగి వెళ్లిపోయాడు. కూతురు వరండాలో నిలబడిపోయింది.

"పద తల్లీ, ఇంటికి పోదాం" అన్నాడు, మొహం చూడలేక.

"ఏ ఇంటికి నాన్నా?" అంది కూతురు.