పీకో మిషను ఎవరిది?

నేను ఒక పీకో మిషన్ని. చీర అంచుల పోగులు ఊడిపోకుండా కుట్టడం నా పని. పుట్టింది లుధియానాలో. గుంటూరు దుకాణంలో ఏడాదిపాటు దుమ్ము తిన్నాను. మనుషుల సంగతి అక్కడే తెలిసింది. బేరమాడేటప్పుడు ఒక గొంతు, డబ్బు కట్టేటప్పుడు ఇంకో గొంతు.

చివరికి నన్ను చిలకలూరిపేటలో పరుపుల కొట్టు నడిపే కాలేషా తొమ్మిది వేలకి కొన్నాడు. తన కోసం కాదు, తెలిసినవాళ్లమ్మాయి దిల్షాద్ కోసం. ఇరవై రెండేళ్ల ఆ పిల్ల మసీదులో యువతకి పెట్టే ఆదివారం తరగతులకి వెళ్తుంది. వడ్డీ హరాం, మతం ఒప్పుకోదు కాబట్టి ఫైనాన్సు కంపెనీ గడప తొక్కనంది. అందుకని కాలేషా నన్ను ముందు తను కొని, వెయ్యి లాభం వేసుకుని, పది నెలల వాయిదాల మీద ఆమెకి అమ్మేట్టు మాట్లాడుకున్నారు.

"ఫైనాన్సోడు తీసుకునేదీ ఆ వెయ్యే గదే! తేడా ఏంది?" అని దిల్షాద్ వాళ్లన్న కరీముల్లా నవ్వాడు. నిజం చెప్పొద్దూ, నా ఇనప బుర్రకీ తేడా అంతుపట్టలేదు.

ఆటో అతను నన్ను తిన్నగా దిల్షాద్ ఇంటికే తెచ్చాడు. ఆ పిల్ల దింపనిస్తేనా!

"కాలేషా బాబాయ్ చేతికే రాంది నాకెట్టా అమ్ముతాడన్నా? కొట్లో దింపు."

మిట్టమధ్యాహ్నం ఎండలో మళ్లీ ఊరేగాను. వీళ్లకి పనీపాటా లేదని తిట్టుకుంటూండగా, కొట్టు ముందు గతుకులో ఆటో ఎగిరిపడింది. నేను జారి కిందపడ్డాను. నా చక్రం విరిగింది.

కబురందుకుని దిల్షాద్ పరుగున వచ్చింది. కాలేషా మండిపడ్డాడు. "నువ్వు తిప్పి పంపబట్టే గదా ఇదంతా! రిపేరు నువ్వే పెట్టుకో."

"అమ్మకం కాలేదు బాబాయ్. మిషను ఇంకా మీదే, నష్టమూ మీదే. మీకు లాభం ఇచ్చేది అందుకేగా."

"నాదే అయితే నాకిష్టమైనోళ్లకి అమ్ముకుంటా!"

"అమ్ముకోండి. నేను మాత్రం వడ్డీకి తేను."

దిల్షాద్ మెట్టు దిగలేదు. రంజాన్ దగ్గరపడింది. అప్పటికే ముప్పై చీరలు ఒప్పుకుని ఉంది. నేను లేకపోతే అవన్నీ తిరిగిచ్చేయాలి. ఒక మనిషి కోసం నేను భయపడటం అదే మొదలు.

నాలుగు రోజులు పరుపుల మధ్య ఉన్నాను. కాలేషా గొణుక్కుంటూనే కొత్త చక్రం వేయించాడు. ఒకాయన వచ్చి పదకొండు వేలిస్తానన్నాడు. కాలేషా గడ్డం గోక్కుని చాలాసేపు ఆలోచించాడు. "మాటిచ్చాను లెండి," అని పంపేసి, దిల్షాద్‌ని పిలిపించాడు.

"కొన్నది తొమ్మిది వేలు. చక్రం ఖర్చు నాది. పది వేలకి అమ్ముతున్నా."

"కొంటున్నా బాబాయ్."

అంతవరకూ బింకంగా ఉన్న పిల్ల నా మీద చెయ్యి వేసి భోరుమంది. కాలేషా కంగారుపడి మంచినీళ్లకి పరిగెత్తాడు.

తేడా ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. ఫైనాన్సోడైతే నేను విరిగినా పైసా నష్టపోడు; కాలేషా ఆ వెయ్యి లాభానికి బదులు నా నష్టం మోశాడు. ఇకమీదట నేను విరిగితే ఆ నష్టం దిల్షాద్‌ది. నన్ను ఎక్కిస్తున్న ఆటో అతని దగ్గరికి కళ్లు తుడుచుకుంటూ వచ్చింది.

"మెల్లగా పోనీ అన్నా. ఇప్పుడిది నాది."