సొన్నమ్మ కాలర్ మిషను

మా ఆడబిడ్డ సొన్నమ్మ బెంగళూరు పీణ్యలో ఒక గార్మెంట్స్ ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టేది. మా పాప అంబికను ఇస్కూల్లో వేసిన ఏడు, తొంభై ఎనిమిదో తొమ్మిదో. కాలర్ కుట్టేవాళ్లకుండే మర్యాదే వేరు. గుండీలు ఎవరైనా కుడతారు, కాలర్ మూల తిరగల్లంటే చెయ్యి తిరిగుండల్ల. ఆ మిషను మీద కూచునేదానికి ఆమె ఎంత కాచుకొన్నిందో నాకు తెలుసు.

అంతలో కడుపు తిరగబడె. తింటే చాలు మెలిపెట్టే నొప్పి, బాత్రూముకు పరుగు. సూపర్‌వైజర్ నాగరాజ్, "ఏమ్మా, కాపురం అక్కడే పెట్టినావా?" అనేవాడంట. పరీక్షలన్నీ చేసి డాక్టరు, "పుండు గిండు ఏమీ లేదు, పేగులు ఊరికే బెదురుతా ఉండాయి. ఐబీఎస్ అంటారు" అని మాత్రలు రాసిచ్చె.

మాత్రలతో నొప్పి తగ్గె. కానీ నోరు ఎండేది, సూది బెజ్జం మసకేసేది. మా సైడు కంటికేమైనా నాగదోషమే అంటారు గదా.

"నాగులకట్టకు ఈ తూరి పాలు పొయ్యలేదు వదినా. నాగప్పకు కోపమొచ్చింది" అనె సొన్నమ్మ.

"డాక్టరుకు ఒక మాట చెప్పరాదా?"

"కడుపు చూసే ఆయనకు కండ్ల కత చెప్తే నవ్విపోడా?"

ఆయన కడుపెట్లుందని అడిగితే, బాగుంది సార్ అని చెప్పి వచ్చేసేది.

ప్రతి మంగళవారం ఉపవాసం పట్టె. ఆ పొద్దు మాత్ర గూడా నోట్లో పడనియ్యదు. మధ్యాన్నానికి బెజ్జం తేటగా కనబడేది. "చూస్తివా వదినా, నాగప్ప దయ" అనేది. నిజమే అనుకొంటిమి. కానీ మాత్ర లేక ఆ దినం ఉత్త నీళ్లు తాగినా మళ్లీ పరుగులు. తక్కిన దినాలు కుట్లు వంకర. ఆఖరికి నాగరాజ్ ఆమెను మిషను మీది నుంచి లేపేసి ఇంటికి పంపించేసె.

నా గ్యాసుకు నేను అదే డాక్టరు దగ్గరికి పోయి, ఊరుకోలేక నాగప్ప సంగతంతా చెప్తి. ఆయన నవ్వలేదు. పెన్ను కింద పెట్టె.

"ఆ మాత్రకు కొందరికి నోరెండుతుంది, చూపు మసకేస్తుందమ్మా. ఉపవాసం నాడు వేసుకోలేదు, అందుకే కనిపించింది. ఆమె చెప్పలేదు. నేనూ అడగలేదు."

సొన్నమ్మను పిలిపించి మందు మార్చె. కొన్నాళ్లకు కండ్లు తేటపడె, కడుపు గూడా ఓర్చుకొనేటంతకు వచ్చె. ఆశగా గార్మెంట్స్‌కు పోతే, కాలర్ మిషను మీద రేణుక అనే పిల్ల కూచోనుండాది.

"ముందే చెప్పింటే లీవిచ్చి ఉందును గదమ్మా" అనె నాగరాజ్. "ఇప్పుడా పిల్లను ఎట్ల లేపేది? దారాలు కత్తిరించే బల్ల దగ్గర చోటుంది, ఉంటావా?"

ఉంటాననె. చేరి ఏండ్ల తరబడి అక్కడే ఉండె. మూల సరిగ్గా తిరగని కాలర్ వస్తే కత్తెర పక్కన పెట్టి, గోటితో దాన్ని సర్దేదంట. "వెనక్కి పంపితే ఆ పిల్లను తిడతారు వదినా" అనేది.