వెనక నిలబడ్డ మనిషి

దుప్పటి మడవడానికి ఇద్దరు కావాలి. ఆమె ఒక్కతే మడుస్తుంది. ఒక అంచు గడ్డం కింద నొక్కిపెట్టి, రెండో అంచును చేతులు బారచాపి పట్టుకుంటుంది. పిలిస్తే భర్త రాడని కాదు. వస్తాడు, ఒక కొస పట్టుకుని ఫోనులో మాట్లాడతాడు, దుప్పటి అటువైపు జారిపోతుంది. అందుకే పిలవడం మానేసింది. అత్తగారు ఉన్నన్నాళ్లూ రెండో కొస ఆవిడ పట్టుకునేది. పోయిన చలికాలం ఆవిడ కన్నుమూసింది.

దుప్పటి అలమరలో పెట్టి, వంటింటి బల్ల మీద కంప్యూటరు తెరిచింది. పెళ్లికి ముందు ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టు. ఇప్పుడు ఇంటి నుంచే పని. వెన్నెముక పక్కకు వంగిన పిల్లలు, ఎదిగే వయసులో, తూలకుండా ఎలా నిలదొక్కుకుంటారన్న దాని మీద వచ్చిన పరిశోధనల్లో ఏవి నమ్మదగ్గవో తేల్చాలి. ఒక్కోదాన్ని ఇద్దరు విడివిడిగా చదివి మార్కులు వేస్తారు. మొహమాటాలు అడ్డురాకుండా, వ్యాసం రాసినవాళ్ల పేర్లు నల్లగా కొట్టేసి పంపుతారు. తన చెయ్యి పడిన పరిశోధనకు మాత్రం ఎవరూ మార్కులు వేయకూడదు. చెప్పి తప్పుకోవాలి.

ఆ ఉదయం తెరిచిన వ్యాసం రెండో పేజీలోనే ఆమె ఆగిపోయింది. వంకర ఉన్న పిల్లల్నీ లేని పిల్లల్నీ చెప్పులు విప్పించి, ఒళ్లు ఎంత ఊగుతుందో కొలిచే పలక మీద నిలబెట్టి, కళ్లు మూయించారు. పడబోతే పట్టుకోవడానికి వెనక ఒకరు నిలబడ్డారు.

ఆ ఒకరు ఆమే.

తాకకుండా, తాకినంత దగ్గరగా, చేతులు చాచి నిలబడేది. ఒక పిల్ల కళ్లు మూసిన ప్రతిసారీ అడిగేది.

"అక్కా, వెనకే ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"పడితే?"

"నా మీదే పడతావు. మెత్తగానే ఉంటాలే."

పిల్ల నవ్వేది. నవ్వితే కొలత చెడేది, మళ్లీ మొదటికి వచ్చేది.

నిలబడ్డదీ ఆమే, కొలతలు రాసిందీ ఆమే. భర్త పరిశోధన కదా, జీతం లేదు. వ్యాసం అచ్చయిన రోజు అందులో తన పేరు కోసం వెతుక్కుంది. "పెళ్లాన్ని కూడా ఎక్కించాడని నలుగురూ నవ్వరూ?" అన్నాడు భర్త. "వాడి పేరు నీది కాదేమిటమ్మా?" అంది అత్తగారు, తల నిమురుతూ. ఆవిడ ప్రేమగానే అంది. అందుకే వ్యాసం మూసి లోపల పెట్టేసింది.

ఇప్పుడు ఆ పేర్ల మీద నల్లటి గీత ఉంది. దాని కింద కూడా తన పేరు లేదు.

మార్కుల పట్టికలో ఒక ప్రశ్న: ఏ పిల్లకు వంకర ఉందో కొలిచిన మనిషికి తెలియకుండా జాగ్రత్తపడ్డారా? తెలిస్తే చూపు ఒకవైపు మొగ్గుతుంది, కొలతలు నమ్మలేం. జాగ్రత్తపడ్డామనే రాశారు వ్యాసంలో. ఎలా కుదురుతుంది? ఆమె కళ్లెదుట ఉన్నవి ఆ వీపులే.

భర్త తాగిన టీ కప్పు పెట్టడానికి వచ్చి తెర వైపు వంగాడు.

"మనదే కదా ఇది. ఆ ప్రశ్నకి అవునని టిక్కు పెట్టెయ్."

"నాకు తెలుసు కదండీ, ఏ పిల్లకుందో."

"నన్ను డిపార్టుమెంటు హెడ్‌ని చేసే నెల ఇది. ఇప్పుడా తవ్వకాలు?" తర్వాత నవ్వాడు. "అయినా అందులో నువ్వెక్కడున్నావు?"

కప్పు సింకులో పెట్టకుండా ఆమె మోచేతి దగ్గరే వదిలేసి హాల్లోకి వెళ్లి న్యూస్‌పేపరు తీసుకున్నాడు.

అవునని వేస్తే అబద్ధం. ఒంట్లో బాగాలేదని తప్పుకుంటే ఇంకొకరు, అచ్చులో ఉన్నది నమ్మి, అవుననే వేస్తారు. ఆమె కప్పును మోచేతి దగ్గర్నుంచి పక్కకు జరిపింది. వెనక్కి తిరిగి చూసింది. అలమర తప్ప ఎవరూ లేరు.

ఈ పని నడిపించే ప్రొఫెసరుకు ఫోను చేసింది.

"మేడమ్, ఈ వ్యాసానికి నేను మార్కులు వేయకూడదు. అందులో నేనున్నాను."

అవతల కంప్యూటరు మీటల చప్పుడు. "అసలు పేర్లు నా దగ్గరున్నాయమ్మా. మీ పేరు లేదే."

హాల్లో న్యూస్‌పేపరు చప్పుడు ఆగింది.

"ఉండదు మేడమ్. ఆ పిల్లల వెనక నిలబడి కొలతలు రాసింది నేను. ఏ వీపు ఎటు వంగిందో ఇప్పటికీ చెప్పగలను. రాసుకోండి."