గుమ్మానికి తడి చీర

నాకు అన్నిటికన్నా ఎక్కువ భయం, మా గుమ్మానికి కట్టిన చీర ఎండిపోతుందేమోనని. చీర ఎండితే ఎర్రదుమ్ము లోపలికి వస్తుంది. దుమ్ము వస్తే నా కొడుకు చిన్నుకు ఊపిరి ఆడదు. ఇంకో ఊపిరి వస్తుందా రాదా అని వాడి గుండె మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న రోజులున్నాయి. పోలీసులంటే కూడా నాకు భయమే. అది దీని తర్వాత.

నా పేరు సౌభాగ్య. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మాన్పించారు. తప్పులుంటే సర్దుకుని చదవండి. కూలి పనికి పోయే అన్నలూ అక్కలూ, కాలేజీలో చదివే తమ్ముళ్లూ చెల్లెళ్లూ చదవాలని రాస్తున్నాను.

మా లైను ఇళ్లు రూపనగుడి రోడ్డు మీద, కోదండరామి ప్లాటు గోడకు ఆనుకుని ఉన్నాయి. ఆ ప్లాటు ఒకప్పుడు జొన్న, పత్తి పండిన నల్లరేగడి చేను. గుట్టలకు గుట్టలే తవ్వి ఓడలకు ఎక్కిస్తున్న కాలం ఇది. పంటకన్నా మన్నే లాభమని కోదండరామి చేను చదును చేయించి ఇనప ఖనిజం కుప్పలు పోయించాడు. మూలన బోరు వేశాడు. గోడ పక్కన రేకుల ఇళ్లు కట్టి, కుప్పల మీద పనిచేసే మాకే బాడుగకు ఇచ్చాడు. బళ్లారి సత్యనారాయణపేటలో మిక్సీలు, ఫ్యాన్లు, టీవీలు నెలనెలా కట్టే కంతులకు అమ్మే అంగడి కూడా అతనిదే. మేం అతన్ని సావ్కారు అంటాం.

నా భర్త తిప్పేస్వామి సావ్కారు నీళ్ల ట్యాంకరు డ్రైవరు. ఆ నీళ్లు మాకు కాదు, రోడ్డుకు. లారీలు లేపే దుమ్ము ప్లాటు ఆఫీసు మీద పడకుండా పొద్దస్తమానం రోడ్డు తడుపుతూ ఉండాలి. మా కుళాయికి మాత్రం రోజు విడిచి రోజు, అదీ సన్నని ధార. ఎక్కువ కావాలంటే డ్రమ్ము కొనుక్కోవాలి.

ఒక రోజు బిందె అడుగంటింది. చీర సగం ఎండిపోయింది. ట్యాంకరు మా ముందునుంచే పోతోంది. నేను వెనక పరిగెత్తి నీళ్లు చల్లే చిల్లుల గొట్టం కింద బిందె పెట్టాను. సావ్కారు మనిషి నెట్టికంటప్ప చూశాడు. బాడుగలు, కంతులు వసూలు చేసేది అతనే.

"ఏయ్! రోడ్డుకు పోసే నీళ్లు దొంగతనం జేస్తాండావా?"

"చీర తడపాలప్పా. పిల్లోనికి దమ్ము."

"రోడ్డు ఎండితే సావ్కారు నా తోలు ఎండేస్తాడు. పో, పో."

కాలితో బిందెను తన్నాడు. నీళ్లు మట్టిలో ఇంకిపోయాయి. తిప్పేస్వామి అద్దంలో అంతా చూశాడు. బండి ఆపలేదు.

అన్నం పెట్టేటప్పుడు అడిగాను. "సూడలేదా నువ్వు?"

"సూసినా."

"ఆపల్యా?"

"ఆపితే రేపు ఆ సీట్లో ఇంకొకడు కూర్చుంటాడు. వాడు నీ మొగుడు కాదు. బిందె మీదికే ఎక్కిస్తాడు."

అన్నం గిన్నె చప్పుడయ్యేలా దించాను, అంతే.

కరెంటు సంగతి ఇంకా అన్యాయం. లైనంతటికీ ఒకటే మీటరు. దాన్ని ఇనప పెట్టెలో పెట్టి తాళం వేశారు. ముందు చిన్న అద్దం ఉంటుంది, అందులో తిరిగే చక్రం కనిపిస్తుంది. బిల్లును సావ్కారు మా ఒక్కో ఇంట్లో ఉన్న సామాను లెక్కన పంచుతాడు. బల్బుకింత, ఫ్యానుకింత, మిక్సీకింత. నెలకోసారి నెట్టికంటప్ప ఇళ్లలో దూరి చూసేవాడు. అతను వస్తున్నాడంటే చాలు, ఆడవాళ్లందరం దాచడం మొదలుపెట్టేవాళ్లం. సుత్తితో ఖనిజం రాళ్లు కొట్టే కరియమ్మ ఇస్త్రీపెట్టెను బియ్యం డబ్బాలో పూడ్చేది. చివరింటి ముసలామె హొన్నూరమ్మ టేబుల్ ఫ్యానుకు చీర చుట్టి, కుంకుమబొట్టు పెట్టి, "మా ఇంటి దేవరప్పా" అనేది. నెట్టికంటప్ప దానికి దండం పెట్టి పోయాడు.

ఎంత దాచినా బిల్లు మాత్రం పెరుగుతూనే ఉంది. దాంతో మేం ఒకరినొకరు అనుమానించుకున్నాం. కుళాయి దగ్గర కరియమ్మ కన్నడం తెలుగు కలిపి తిట్టేది.

"ఎవరో హీటర్లు పెట్టుకోని స్నానాలు జేస్తాండారు, మహారాణులు! ఏమే సౌభాగ్యా, మీ ఇంట్లో పొద్దున్నే గుర్రుమంటాదే, ఏందది?"

"చిన్నుకు గాలి మిషను అక్కా." మందు పోసి మూతికి మాస్కు పెడితే అది పొగలా ఊపిరిలోకి పోతుంది. డాక్టరు రాసిచ్చినది.

"మిషనో గీజరో! యాకే సుళ్ళు చెప్తావ్?"

అబద్ధాలకోరునని అందరి ముందూ అనింది. నేనూ ఊరుకోలేదు, ఆమె ఇస్త్రీపెట్టె గుట్టు బయటపెట్టాను. ఇద్దరం జుట్లు పట్టుకోవడమే తక్కువ. గోడ అవతల సావ్కారు హాయిగా ఉన్నాడు.

దానికి తోడు సామాను నిలిచేది కాదు. ఈ నెల ఒకరి మిక్సీ, వచ్చే నెల ఇంకొకరి ఫ్యాను. అంగడికి తీసుకుపోతే, "ఇనప దుమ్ము కదమ్మా, లోపలికి పోయి కాలిపోతాయి" అనేవాళ్లు. ముక్కు చీదితే ఎర్రగా వచ్చే మాకు అది నిజమే అనిపించింది. మళ్లీ అక్కడే, మళ్లీ కంతులకే కొత్తది తెచ్చుకున్నాం. చచ్చినవి మంచాల కింద చేరాయి.

ఆ మధ్యాహ్నం చిన్ను మూతికి మాస్కు పెట్టి ఉన్నాను. బల్బు డిమ్మయింది. అది మాకు అలవాటే. కాసేపటికి ఉన్నట్టుండి తెల్లగా మండింది. మిషను టప్పుమంది. మాస్కులోంచి కాలిన రబ్బరు వాసన. లాగి పారేశాను. వాడి పెదవులు నేరేడుపండులా అయ్యాయి. అరుస్తూ బయటికి పరిగెత్తాను.

ఎదురొచ్చింది కరియమ్మే. ఒక్క మాట అడగలేదు. పిల్లాణ్ణి భుజాన వేసుకుని నడిరోడ్డు మీదికి పోయి, లారీ ముందు సుత్తి ఎత్తి నిలబడింది.

"ఆపుతావా, అద్దం పగలగొట్టాల్నా?"

లారీ ఆగింది. మన్ను లారీలోనే బళ్లారి పెద్దాసుపత్రికి పోయాం. బతికాడు. గాలి మిషను లేకుండా ఇంటికి తీసుకుపోవద్దన్నారు. అంగడికి పోతే ఆ రోజు సావ్కారే కూర్చుని ఉన్నాడు.

"దుమ్ములో పెడితే ఏ మిషను బతుకుతాదమ్మా? కొత్తది తీస్కో. కంతులు నీ మగని జీతంలో పట్టుకుంటాలే," అని నవ్వాడు.

మిషను తెచ్చుకున్నాను. ఆ నవ్వు కూడా మూటగట్టి తెచ్చుకున్నాను.

ఇంటికి వచ్చాక కొత్త మిషను వెంటనే ప్లగ్గులో పెట్టలేదు. ముందు బల్బు కింద కూర్చుని చూస్తూ ఉన్నాను. గోడ అవతల బోరు మోటారు గుయ్యిమని మొదలైతే బల్బు డిమ్మవుతోంది. ట్యాంకరు నిండి మోటారు ఆగితే తెల్లగా మండుతోంది. మోటారు మొదలైతే డిమ్ము, ఆగితే మంట. పోయి కరియమ్మకు చెప్పాను.

"అంటే ఏందే?"

"అందరం అన్నీ ఆపేసి ఆ చక్రం సూద్దామక్కా."

మర్నాడు పొద్దున ప్రతి ఇంట్లో ప్రతి స్విచ్చీ ఆపేశాం. దాచిపెట్టినవి కూడా బయటికి తెచ్చి అరుగుల మీద పెట్టాం. ఎవరింట్లో ఏముందో అందరికీ తెలిసిపోయింది. ఇన్నాళ్లూ ఎందుకు కొట్లాడుకున్నామో, ఆ సామాను చూస్తే సిగ్గేసింది. మీటరు పెట్టె ముందు నిలబడ్డాం. చక్రం గిరగిరా తిరుగుతోంది.

"ఎవరింట్లోనో ఇంకా ఉండాది!" అని ఎవరో అన్నారు.

"నా దేవర గూడా నిలిచిపోయిండాది కదమ్మే," అంది హొన్నూరమ్మ. అందరూ నవ్వారు.

నవ్వుతుండగానే గోడ అవతల మోటారు ఆగింది. ట్యాంకరు నిండినట్టుంది. చక్రం మెల్లగయింది. ఆగిపోయింది.

ఇక ఎవరికీ నవ్వు రాలేదు.

"మన దుడ్లతో వాని మోటారు తిప్పినాడు," అంది కరియమ్మ, ఒక్కో మాట నములుతున్నట్టు. "ఆ మోటారుతో మన సామాన్లు కాల్చినాడు. కాలినోళ్లకే కొత్తవి అమ్మినాడు. ఆ నీళ్లు తీస్కపోయి రోడ్డుకు పోసినాడు." ఆ తర్వాత ఆమె అన్న మాట ఇక్కడ రాయను. కాని అందులో తప్పేమీ లేదు.

ఆదివారం కరియమ్మ ఇంటి ముందు అందరం కూర్చున్నాం, మగవాళ్లతో సహా. లారీలకు లోడెత్తే కోటిలింగం ముందే చేతులెత్తేశాడు.

"సావ్కారు కాళ్లు పట్టుకుందాం. ఇల్లు ఖాళీ చెయ్యమంటే పిల్లల్ని ఏసుకోని యాడికి పోతాం?"

"అర్జీ రాద్దాం," అన్నారు ఇంకొకరు.

"అర్జీలు సాకప్పా, సాకు!" ఇక చాలని కరియమ్మ కన్నడంలో కసిరింది.

నేను నలుగురిలో ఎప్పుడూ మాట్లాడలేదు. నోరు దానంతటదే లేచింది. "పిల్లోని మూతి నీలమైనప్పుడు నాక్కూడా సావ్కారు కాళ్లే యాదికొచ్చినాయి కోటిలింగన్నా. పట్టుకోడానికి కాదు."



"అయితే కొడదామా?" అన్నాడొక కుర్రాడు.

"కొడితే ఒక దెబ్బతో అయిపోతాది. మనం ఏం పీలుస్తాండామో వాడూ పీల్చాల. ఆ రోడ్డు ఒక్క రోజు ఎండాల," అన్నాను.

రోడ్డు ఎండితే ముందు దుమ్ము పడేది నా గుమ్మం మీదే. అది నాకు తెలుసు. అందుకే గాలి మా ఇళ్ల వైపు నుంచి ప్లాటు ఆఫీసు వైపు తోలే రోజు చూసుకున్నాం. కాలిపోయిన సామాను ఎక్కడ తిరిగి ఇవ్వాలో కూడా అప్పుడే తేలిపోయింది.

గాలి కుదిరిన రోజు మంచాల కింది శవాలన్నీ లేచాయి. మిక్సీలు, ఫ్యాన్లు, ఇస్త్రీపెట్టెలు, తెర పగిలిన టీవీలు. ఆడవాళ్లు నెత్తిన పెట్టుకుని వరసగా వచ్చి ప్లాటు గేటు ముందు రోడ్డుకు అడ్డంగా పేర్చారు. చిన్నును హొన్నూరమ్మ ఇంట్లో పెట్టి, ఆమె గుమ్మానికీ తడి చీర కట్టి వచ్చాను. కాలిన గాలి మిషను ఒళ్లో పెట్టుకుని నడిమధ్యన కూర్చున్నాను.

ట్యాంకరు వచ్చి ఆగింది. సీట్లో తిప్పేస్వామి. వెనక లారీల బారు. ఆఫీసులోంచి సావ్కారు తెల్లబట్టల్లో దిగాడు.

"ఏందిది, పాత సామాన్ల గుజిరీ అంగడా? లేయండి!"

"నీ అంగట్లోవే సావ్కారూ!" అంది కరియమ్మ. "బోణీ మేమే జేసినాం, వాపసు గూడా మేమే ఇస్తాండాం."

"తిప్పేస్వామీ! ఎక్కించురా! పాత సామానే కదా!"

ఇంజను గుర్రుమంది. ముందు చక్రం నా కాళ్లకు బెత్తెడు దూరంలో ఉంది. నా మొగుడు ఈసారి అద్దంలో చూడలేదు. ముఖంలోకే చూశాడు. నేను కదల్లేదు. భయం లేక కాదు, కాళ్లు రాలేదు.

ఇంజను ఆగింది. దిగి, ట్యాంకరు వెనక్కి పోయి వాల్వు తిప్పాడు.

"బిందెలు తెచ్చుకోండి," అన్నాడు. ఆ ఒక్క మాటే.

రోడ్డు తాగాల్సిన నీళ్లు బిందెల్లోకి, డ్రమ్ముల్లోకి, పిల్లల చెంబుల్లోకి పోయాయి. నెట్టికంటప్ప వాల్వు దగ్గరికి రాబోతే కరియమ్మ సుత్తి భుజం మార్చుకుంది. అతను వెనక్కి తగ్గాడు.

సావ్కారుకు కోపంలో గాలి సంగతి తట్టలేదు. లారీలను పక్క మట్టిలోంచి తిప్పుకుని రమ్మని కేకలేశాడు. లారీలు తిరిగాయి. ఎండిన ఎర్రమన్ను మేఘంలా లేచింది. లేచి, నేరుగా అతని మీదికే పోయింది. అతని కారు ఎర్రనయింది. చొక్కా ఎర్రనయింది. ఇంకా అరవాలని నోరు తెరిచాడు. దగ్గు వచ్చింది. నీళ్ల సీసా తెచ్చిస్తే తాగలేకపోయాడు. రొమ్ము పట్టుకుని వంగిపోయాడు. ఊపిరిలోంచి వచ్చే ఆ ఈలలాంటి చప్పుడు నాకు బాగా తెలుసు.

నాకు జాలి కలగలేదు. కలిగిందని రాస్తే మీరు నన్ను మంచిదాన్ని అనుకుంటారు. దగ్గు, కోదండరామీ, దగ్గు, నా కొడుకు నీలి పెదవులు గుర్తొచ్చేదాకా దగ్గు అనుకుంటూ, కన్నార్పకుండా చూశాను.

పోలీసులు వచ్చారు. తిప్పేస్వామి మీద నీళ్ల దొంగతనం కేసు. కరియమ్మ మీద సుత్తి చూపి బెదిరించిన కేసు. ఇద్దరినీ జీపులో తోశారు. అప్పుడు, కాళ్లు పట్టుకుందామన్న కోటిలింగం, తన కాలిన ఫ్యాను తెచ్చి జీపు ముందు పెట్టి దాని పక్కన పడుకున్నాడు. నలుగురు ఈడ్చేదాకా లేవలేదు.

సాయంత్రానికి సావ్కారు లైనుకు కరెంటు కట్ చేశాడు. కుళాయి మూసేశాడు. క్షమాపణ చెప్పినవాళ్లకు తిరిగి ఇస్తానని నెట్టికంటప్పతో కబురు పంపాడు. ఒక్క ఇల్లు కూడా పోలేదు.

రేపు లైనంతా టేషనుకు పోతున్నాం. ప్రతి ఒక్కరూ ఖాళీ బిందె పట్టుకుని, "ఆ నీళ్లు దొంగిలించింది నేనే, నన్నూ లోపలెయ్యండి" అని చెప్పబోతున్నాం. ఇద్దరినీ వదిలేదాకా, కుళాయి తెరిచేదాకా అక్కడినుంచి లేవం. లోపల వేస్తే ఎన్నాళ్లు వేస్తారో తెలియదు.

చిన్నును వెంట తీసుకుపోదామంటే దారంతా దుమ్మే. "నువ్వు పో పాపా. వాళ్లిద్దరూ బయటికి రాకుంటే ఈడ నీళ్లు రావు. నేను సూసుకుంటా," అంది హొన్నూరమ్మ. ఆమెకు మోకాళ్లు పట్టేస్తాయి, మధ్యాహ్నం కన్ను మూతపడుతుంది. కరెంటు లేదు కాబట్టి కొత్త మిషనూ పనిచేయదు. ఉన్నది ఆ చీరే. నిన్నటినుంచి గాలి కూడా తిరిగింది. ఇప్పుడు ప్లాటు వైపు నుంచి మా ఇళ్ల మీదికి తోలుతోంది.

అందుకే అడుగుతున్నాను. మీలో ఎవరైనా రూపనగుడి బస్సెక్కితే, కోదండరామి ప్లాటు గోడ దగ్గర దిగండి. లైనులో చివరి ఇల్లు హొన్నూరమ్మది. గుమ్మానికి కట్టిన పచ్చ చీర నాది. చేత్తో పట్టుకుని చూడండి. ఎండి ఉంటే లోపల ట్యాంకరు నీళ్ల బిందె ఉంది, ముంచి తడపండి. తర్వాత వంగి, చిన్నూ అని పిలవండి. వాడు కొత్తవాళ్లకు వెంటనే పలకడు. పలికేదాకా అక్కడే ఉండండి.