చెంగమ్మ మోచేతి మచ్చ

పొద్దున్నే వాకిట్లో కళ్లాపి చల్లి, చెంగమ్మ అరుగు మీద కూర్చుని ఎడమ మోచెయ్యి చూసుకునేది. మూడేళ్ల కిందట చౌడేపల్లె దారిలో జారిపడితే అక్కడ చర్మం దోక్కుపోయింది. పుండు పది రోజుల్లో మానింది గానీ మచ్చ మిగిలింది. రెండు రోజుల్లో వాన వస్తుందనగా ఆ మచ్చ నేరేడుపండు రంగుకు తిరిగేది. పుంగనూరు వాళ్లకు ఇందులో వింతేమీ కనిపించలేదు. వానకు ముందు కొందరికి మోకాళ్లు లాగుతాయి, ఈమెకు మచ్చ నల్లబడుతుంది, అంతే.

వేరుశనగ రైతుకు అంతకంటే ఏం కావాలి? విత్తనానికి కాయలు ముందే ఒలుచుకోవాలి. ఒలిచాక వాన రాకుండా పది రోజులు గడిస్తే పప్పు మొలవదు. అందుకని ఆ ప్రపంచయుద్ధం రోజుల్లో పెట్రోలు కరువై బస్సులు సరిగా నడవకపోయినా మదనపల్లె నుంచి, కుప్పం నుంచి కూడా మనుషులు వచ్చేవాళ్లు. మోచెయ్యి చూసేవాళ్లు, వెళ్లిపోయేవాళ్లు. తిన్నావా అని అడిగిన పాపాన పోలేదు ఒక్కరూ. మొగుడు పోయి, పిల్లల్లేక, పదిహేనేళ్లుగా గోడలతో మాట్లాడుతున్న మనిషికి ఆ సందడే పండగ.

ఈ ఏడు మచ్చ వెలిసిపోతూ వచ్చింది. ఆషాఢానికి చర్మం రంగులో కలిసిపోయింది. మచ్చ లేకపోతే తన వాకిట్లోకి ఎవరొస్తారు? చెంగమ్మ కుండ అడుగు మసి తీసి, ఆముదంలో రంగరించి మోచేతికి పూసుకుంది.

మొదట ఓబులేసు వచ్చాడు. "బాగా నల్లగుండాదే. కాయలు ఒలవమంటావా పెద్దమ్మా?"

"ఒలుసుకో నాయనా," అంది అతని మొహం చూడకుండా.

మధ్యాహ్నానికి ఊరివాళ్లతో వాకిలి నిండింది. చెంగమ్మ సంతోషించింది, ఆ సంతోషంలో మాత్రం అబద్ధం లేదు.

చివరికి ఫాతిమా వచ్చింది. బండి తోలే మొగుడు పోయాక ఎకరా చేను కౌలుకు చేసుకుంటోంది. ఇంట్లో ఉన్నది ఒక్క మూట విత్తనం. ఆమె చెంగమ్మ చెయ్యి మెల్లగా పట్టుకుంది.

"ఇది నల్లబడేటప్పుడు నొప్పెడతాదా అక్కా?"

మూడేళ్లలో ఆ మాట ఎవరూ అడగలేదు. చెంగమ్మకు ఏడుపు ఆగలేదు. కొంగు తడిపి మసి తుడిచేసింది.

"మచ్చ పోయిండాది ఫాతిమా. అందరికీ అబద్ధం సెప్పినాను. నువ్వు ఒలవద్దు."

"మరి ఆళ్లో?" అంది ఫాతిమా.

చెంగమ్మ లేచింది. ఎవరి గడపా తొక్కని మనిషి ఆ సాయంత్రం ఇల్లిల్లూ తిరిగి ఒలవొద్దని చెప్పింది. అందరూ చేతిలో కాయలు వదిలేసి, మిగిలిన మూటలు కట్టేశారు. ఓబులేసు పెళ్లాం వీధంతా వినేట్టు తిట్టింది.

వాన పద్దెనిమిది రోజులకు గానీ పడలేదు. ఊరి విత్తనం దక్కింది. ఆ పద్దెనిమిది రోజులూ చెంగమ్మ వాకిట్లోకి ఒక్కరూ రాలేదు. రోజూ ఊడ్చుకుంది, ఒకరికే వండుకుంది.

విత్తనాలు వేసిన మర్నాడు ఫాతిమా వచ్చింది.

"మచ్చ మళ్లీ రాలేదమ్మా," అంది చెంగమ్మ ముందుగానే. "ఏం పని మీద వచ్చినావు?"

"పనేం లేదక్కా," అని ఫాతిమా అరుగు మీద ఆమె పక్కన కూర్చుంది.