నీలం తెర మీది రాత

సాయంత్రం నాలుగింటికి అఖిలకు ఆన్‌లైన్‌లో ఉద్యోగ పరీక్ష ఉంది. కంప్యూటర్ డిగ్రీ చదువుతుండగా జ్వరమొచ్చి ఆమె చూపు పోయింది. తెర మీది రాతలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఉంటేనే పరీక్ష రాయగలదు. కొత్త కంప్యూటర్లోకి దాన్ని ఎక్కిస్తుంటే మూడోసారి కూడా మధ్యలోనే ఆగిపోయింది. ఆ కంప్యూటర్ అమ్మిన నిజామాబాద్ షాపతను పొద్దుటినుంచీ ఫోన్ ఎత్తడం లేదు.

"అవ్వా, తెర మీద ఏమున్నదే?" అని అఖిల అడిగింది.

బీడీల చాట పక్కనపెట్టి తల్లి రుక్మాబాయి దగ్గరికొచ్చింది. "అంత నీలమైంది బిడ్డా. తెల్లటి రాతలున్నయ్. నాకు సదువస్తదా ఏంది?"

"సదువకు. ఎట్ల కనబడితే అట్ల నా అరచేతుల గియ్యి."

రుక్మాబాయి పొగాకు అంటిన వేలితో ఒక్కో అక్షరమే గీయసాగింది. గీత తప్పినప్పుడల్లా మళ్లీ మొదలుపెట్టేది. టైము మూడు దాటింది. అఖిలకు ఏడుపు తన్నుకొచ్చింది కానీ చెయ్యి వెనక్కి తీసుకోలేదు. చివరికి ఇంగ్లీషులో 'మెమరీ' అన్న మాట అరచేతిలో తేలింది.

వెంటనే కరెంటు తీగ పీకించి, కంప్యూటర్ డబ్బా మూత తీయించింది. లోపల తడిమితే రెండు మెమరీ పలకల్లో ఒకటి వదులుగా కదిలింది. టక్కుమనేదాకా దాన్ని నొక్కి, నాలుగోసారి మొదలుపెట్టింది.

నాలుగుకు పది నిమిషాలుందనగా కంప్యూటర్లోంచి ఒక మగగొంతు తెర మీది రాతను ఇంగ్లీషులో చదివింది.

రుక్మాబాయి ఉలిక్కిపడి కొంగు సర్దుకుంది. "ఎవడే వాడు?"

అఖిలకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.