వానలో మాట్లాడకూడని బస్సు

అద్దం బయట తుడిస్తే లోపల మసకేస్తుంది, లోపల తుడిస్తే బయట నీళ్ళు కారతాయి. డ్రైవరు ముందున్న వైపరు సగం దూరం పోయి, అలిగిన అల్లుడిలా అక్కడే ఆగిపోతుంది. మెకానిక్కుకి చెప్పి చెప్పి ఆయన నోరు పడిపోయింది. ఎండలో చెబితే వాన పడ్డప్పుడు గుర్తుచేయమంటాడు, వానలో చెబితే వెలిశాక చూద్దామంటాడు. డ్రైవరు గుడ్డ విసిరికొట్టి, మళ్ళీ తనే తీసుకుని తుడిచాడు.

ఆయన్ని అందరూ నెమ్మదయ్య అంటారు. అసలు పేరు వాళ్ళక్కకైనా గుర్తుందో లేదో. పొట్టి మనిషి, సీటు మీద గోనెసంచి మడిచి వేసుకుంటేగాని రోడ్డు కనబడదు. మెడ ముందుకు సాచి సాచి వెన్ను అలాగే వంగిపోయింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఒక కోడిని తొక్కింది లేదు, ఒక్కరోజు వేళకి చేరిందీ లేదు.

ఇంజను పక్క సీట్లో బావ కూర్చున్నాడు, అక్క మొగుడు. భారీ మనిషి, నోటికి మాత్రం తలుపు లేదు. నాలుగు రోజులుగా గుండెల్లో పట్టేసినట్టుందంటున్నాడు. పట్నంలో గుండె డాక్టరు వారానికోసారి వస్తాడు, మధ్యాహ్నం భోజనానికి లేచాడంటే మళ్ళీ వచ్చేవారమే. అందుకే అక్క తెల్లవారగానే మొదటి ట్రిప్పుకి ఆయన్ని ఎక్కించి, తమ్ముడి కిటికీ దగ్గరికొచ్చింది.

"వానొచ్చిందని దారిలో కాపురం పెట్టకురా. ఈ ఒక్కరోజూ మనుషుల్లాగా తోలు."

వాన అక్క మాట వినలేదు. ఊరు దాటగానే చినుకు, మలుపు తిరిగేసరికి కుండపోత. ఆయన లైట్లు వేసి, ఎదుటివాడి కళ్ళలో కొట్టకుండా కిందికి దించాడు. ముందు పోతున్న లారీకి ఒక ఇల్లు కట్టుకునేంత జాగా వదిలాడు. ఆ జాగాలో ఒక కారు దూరింది. పళ్ళు నూరుకుని ఇంకా వెనక్కి తగ్గాడు. ఇంకోటి దూరింది.

"పిలిచి మరీ చోటిస్తున్నావు, భోజనాలు కూడా పెట్టు," అన్నాడు బావ కమలాపండు ఒలుస్తూ. బస్సంతా నవ్వింది.

నవ్వు దొరికితే బావ ఆగుతాడా. నెమ్మదయ్య వానలో తన పెళ్ళికే పొద్దుపోయాక చేరిన సంగతి ఎత్తుకున్నాడు. అప్పటికి పెళ్ళికూతురు తినేసి పడుకుందట. ఇప్పటికీ ఇంట్లో నేల తుడిస్తే ఆరేదాకా గడప దాటడనీ, భార్య కాఫీ గ్లాసు పట్టుకుని అవతల నిలబడాల్సిందేననీ చెప్పుకొచ్చాడు. అందులో ఒక్క అబద్ధమూ లేదు, నెమ్మదయ్యకి ఒళ్ళుమంట అదే.

పల్లంలో నీళ్ళు నిలిచాయి. బస్సు ఆపి, ముందు బండి చక్రం ఎంతవరకు మునుగుతుందో చూసి, అప్పుడు మొదటి గేరులో దాటించాడు. దాటాక తడిసిన బ్రేకుని కాలితో తడుతూ ఆరబెట్టుకుంటూ పోయాడు. ఇలా అయితే తన కూతురి పెళ్ళికి కూడా అందేట్టు లేనని కండక్టరు గొణిగాడు. ఆ కూతురు ఇంకా పాకుతోంది.

పల్లం గట్టెక్కేసరికి ఎదుట దారి లేదు, వాన కట్టిన తెల్లటి గోడ. అలాంటప్పుడు ఆయనకో పద్ధతి ఉంది. కిటికీ దించి, తల బయటపెట్టి, చెవులతో తోలతాడు. ఎదురొచ్చే బండి రొద, చక్రం కింద తారా కంకరా, అన్నీ వినబడాలి.

"నోళ్ళు మూయండి, నాకు దారి కనబడటం లేదు."

అందరూ మూశారు. బావ ఒక్కడే ఒరేయ్ అంటూ ఏదో చెప్పబోయాడు.

"నీకే చెబుతున్నా బావా. చేరేదాకా ఒక్కమాట వద్దు."

బావ నిజంగానే ఆగిపోయాడు. చచ్చీచెడీ ఇన్నాళ్ళకి ఒక్కమాట విన్నాడనుకున్నాడు నెమ్మదయ్య. వెనక ఎవరో దగ్గితే కూడా ఆయనకి చిర్రెత్తింది. రోడ్డంచు తెల్లగీతను పట్టుకుని, నడిచేవాడితో సమానంగా బస్సుని నడిపించాడు.

వాన పలచబడేసరికి పట్నం కప్పులు కనిపించాయి. తల లోపలికి తీసుకున్నాడు. ఒక పక్క జుట్టంతా తడిసి, చెవిలోంచి నీళ్ళు కారుతున్నాయి. ఆసుపత్రి స్టాపులో ఆపి చూస్తే డాక్టరు కారు ఇంకా గేటు లోపలే ఉంది.

"వేళకే తెచ్చాను. ఇక మాట్లాడు బావా."

బావ కిటికీకి తల ఆనించి ఉన్నాడు. కండక్టరు భుజం కుదిపి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఎవరూ చెప్పకుండానే బస్సంతా మళ్ళీ నోరు మూసుకుంది.

"మాట్లాడమన్నాను కదా," అన్నాడు నెమ్మదయ్య, విసుగ్గానే.

నలుగురు పట్టి బావని దించి, ఆసుపత్రి లోపలికి తీసుకెళ్ళారు. డాక్టరు నాడి పట్టి చూసి చెయ్యి వదిలేశాడు. అక్కకి ఎలా చెప్పాలో తోచక, నెమ్మదయ్య తాళంచెవి కోసం బస్సులోకి వచ్చాడు. ఇంజను మూత మీద, డ్రైవరు చేతికందేంత దగ్గరలో, బావ పీచంతా తీసి రుమాలులో పేర్చిన కమలాపండు తొనలు వేడికి మెత్తబడుతున్నాయి.